మట్టి బ్యాక్టీరియాలో కొత్త యాంటీబయాటిక్ కోసం వెతకడం: వలయం కనబడ్డాక మొదలయ్యే పని

అగార్ ప్లేటు, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన పళ్లెం మీద ఒక కాలనీ చుట్టూ తేటగా, ఏమీ పెరగని వలయం కనబడగానే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది: ఆ కాలనీ పక్క బ్యాక్టీరియాను ఆపే పదార్థమేదో చేస్తూ ఉండవచ్చు. నిజానికి ఆ వలయం తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. గుప్పెడు మట్టి, రెండు మూడు రకాల మీడియా (బ్యాక్టీరియాకు పెట్టే ఆహారం), మూడు వారాల ఓపిక ఉంటే వచ్చేస్తుంది. కష్టమంతా ఆ వలయాన్ని చేసిన పదార్థం ఇదివరకే తెలిసినదా కాదా తేల్చడంలో ఉంది. మట్టిలో దారాల్లా పెరిగే బ్యాక్టీరియా అయిన ఆక్టినోమైసీట్లను చేతికి దొరికినవి దొరికినట్టు ఏరితే, సుమారు పదింట ఒకటి స్ట్రెప్టోత్రైసిన్‌నీ, నూటికి ఒకటి స్ట్రెప్టోమైసిన్‌నీ తయారుచేస్తాయని అంచనా. డాప్టోమైసిన్ చేసేవి కోటికి రెండుంటే గొప్ప. స్ట్రెప్టోమైసిన్ బయటపడింది 1943లో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ చేతుల మీదుగా. ఈరోజు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి మొట్టమొదట తగిలేది కూడా చాలాసార్లు అలాంటి పాత పదార్థమే. అందుకే ఇక్కడి ప్రతి దశనూ ఒక్క ఉద్దేశంతో అమర్చాం: పాతదాన్నీ, పనికిరానిదాన్నీ ఎంత తొందరగా, ఎంత తక్కువ ఖర్చుతో పక్కన పెట్టగలం అని.

ముందుగా జాగ్రత్త మాట. ఇది ఇంట్లో చేసే పని కాదు. మట్టిలో నుంచి వచ్చే బ్యాక్టీరియా ఏదో గుర్తించేదాకా అది జబ్బు తెచ్చేదే అనుకుని రెండో స్థాయి జీవభద్రత ఉన్న ప్రయోగశాలలోనే పెంచాలి. ఉష్ణ ప్రాంతాల తడి మట్టిలో మెలియాయిడోసిస్ అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బర్ఖోల్డేరియా సూడోమాలియై ఉండవచ్చు. ప్లేట్లు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే అలవాటు ఉంటే మానేయండి. వాడేసిన ప్లేట్లు, ద్రవాలు అన్నీ ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిమిశుద్ధి) చేశాకే పారెయ్యాలి. క్లోరోఫామ్, ఇథైల్ అసిటేట్ వంటివి వాడేటప్పుడు ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

పరీక్షకు వాడే బ్యాక్టీరియాగా కూడా ఆసుపత్రి రకాలు అక్కర్లేదు. బాసిల్లస్ సబ్‌టిలిస్, స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, ఎస్కెరిషియా కోలై కె-12, వీటితోపాటు సాకరోమైసిస్ సెరెవిసియే ఈస్టు ఉంటే తొలి వడపోతకు చాలు. దొరికితే టోల్‌సీ జన్యువు తీసేసిన ఎస్కెరిషియా కోలై ఒకటి చేర్చుకోండి. మామూలు కోలై లోపలికి వచ్చిన మందును పంపు పెట్టి తోడినట్టు బయటికి తోసేస్తుంది. ఈ పంపులు పనిచేయని రకం మీద ఆ మందు వెంటనే కనబడుతుంది. మామూలు కోలై మీద ఏమీ లేక, దీని మీద మాత్రం వలయం వస్తే, పదార్థం లోపలికి చేరుతోందని తెలిసినట్టే.

మట్టి, దాని తయారీ

మట్టి ఎక్కడిదైనా తీసేముందు స్థలం యజమాని అనుమతితోపాటు, జీవవనరుల వాడకం మీద ఆ దేశంలో ఉన్న చట్టం ఏం చెబుతుందో చూసుకోండి. 2014 నుంచి అమల్లో ఉన్న నగోయా ఒప్పందం ప్రకారం తర్వాత లాభం వస్తే అందులో మూలస్థానానికి వాటా ఇవ్వాలి. మొదట్లో తీసుకోని అనుమతిని పదేళ్ల తర్వాత తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం.

పైనున్న ఆకులూ చెత్తా తీసేసి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతులో, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని శుభ్రపరిచిన చెంచాతో 20 గ్రాములు తీస్తే సరిపోతుంది. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, లోతు, చుట్టూ ఉన్న మొక్కలు, మట్టి పీహెచ్ అప్పుడే రాసుకోండి. ఒకే చోట పది నమూనాలు తీసేకన్నా, ఒకదానికొకటి పోలికలేని పది చోట్ల ఒక్కొక్కటి తీయడం మేలు.

మట్టిని నీడన మూడు నుంచి ఏడు రోజులు ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. ఆరబెడితే త్వరగా పెరిగే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, అంటే కోలై లాంటి రెండు పొరల రకం, చాలావరకు చస్తుంది, ఆక్టినోమైసీట్ల సిద్ధబీజాలు (స్పోర్లు) బతికే ఉంటాయి. 10 గ్రాముల మట్టికి 1 గ్రాము కాల్షియం కార్బొనేట్ కలిపి, కొద్దిగా తడిచేసి, 28 డిగ్రీల దగ్గర వారం ఉంచితే వాటి వాటా ఇంకా పెరుగుతుంది. ఆక్టినోమైసీట్లలో మామూలుగా ఎక్కువ దొరికే స్ట్రెప్టోమైసిస్ కాక అరుదైన జాతులు కావాలంటే పొడి మట్టిని 120 డిగ్రీల దగ్గర గంటసేపు వేడి చేయండి. మైక్రోబిస్పోరా, స్ట్రెప్టోస్పొరాంజియం లాంటివి దీన్ని తట్టుకుంటాయి. పాతవే మళ్లీ తగిలే బెడదను తగ్గించే ఉపాయాల్లో ఇంతకన్నా చవకైనది లేదు.

తర్వాత 1 గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీటిలో కలిపి, రెండు నిమిషాలు బాగా కుదిపి, పదింతల చొప్పున పలచన చేసుకుంటూ వెళ్లండి. మూడు, నాలుగు, ఐదో పలచనల నుంచి 0.1 మిల్లీలీటరు చొప్పున ప్లేట్ల మీద పరచాలి. ఒక్కో పలచనకు మూడేసి ప్లేట్లు.

మీడియాగా స్టార్చ్ కేసిన్ అగార్ నమ్మకమైనది. లీటరుకు కరిగే స్టార్చ్ 10 గ్రాములు, కేసిన్ 0.3, పొటాషియం నైట్రేట్ 2, సోడియం క్లోరైడ్ 2, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 0.05, కాల్షియం కార్బొనేట్ 0.02, ఫెర్రస్ సల్ఫేట్ 0.01, అగార్ 18 గ్రాములు, పీహెచ్ 7.2. ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. 50 డిగ్రీలకు చల్లారాక, బూజులు రాకుండా మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ గాని నిస్టాటిన్ గాని, గ్రామ్ నెగటివ్‌లను ఆపడానికి 20 మైక్రోగ్రాముల నాలిడిక్సిక్ ఆమ్లం కలపండి. సైక్లోహెక్సిమైడ్ మనిషికి కూడా విషమే, చేతికి తొడుగులుండాలి. నిస్టాటిన్ నీళ్లలో కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించుకోవాలి. నాలిడిక్సిక్ ఆమ్లానికి పలచని సోడియం హైడ్రాక్సైడ్ కావాలి.

ఇక్కడ ఎక్కువమంది చెడగొట్టుకునేది ప్లేటు తడి విషయంలో. పోసిన వెంటనే వాడితే పైన పేరుకున్న నీటి పొర మీద బాసిల్లస్ ఒక్క రాత్రిలో ప్లేటంతా పాకేస్తుంది. మూత కొద్దిగా ఓరగా పెట్టి, వడకట్టిన గాలి వీచే లామినార్ హుడ్‌లో అరగంట ఆరనివ్వండి. ఇవి మూడు వారాలు నిలవాలి కాబట్టి పలచగా పోయొద్దు, ప్లేటుకు 25 మిల్లీలీటర్లు పోయండి. 28 డిగ్రీల దగ్గర తలకిందులుగా, ప్లాస్టిక్ సంచిలో ఉంచండి, లేకపోతే రెండో వారానికి అగార్ బీటలు వారుతుంది.

ఏ కాలనీని ఏరాలి

రెండు మూడు రోజుల్లో నున్నగా, జిగురుగా లేచేవి మనకు కావలసినవి కావు. వాటిని ప్లేటు అడుగున పెన్నుతో గుర్తుపెట్టి వదిలేయండి. అసలువి వారం దాటాక వస్తాయి. ఆవగింజంత, గట్టిగా ఉంటాయి. మొదట బోడిగా, తోలులా కనబడి, తర్వాత పైన సున్నం చల్లినట్టు తెల్లటి పొడి, ఆపైన బూడిద రంగో లేత గులాబీయో పడుతుంది. లూప్ తీగతో తాకితే వెన్నలా సాగి రాదు. అగార్‌లోకి వేళ్లు దిగినట్టు పట్టుకుని ఉంటుంది. కాస్త నొక్కితే ముక్కగా ఊడివచ్చి, కింద చిన్న గుంట మిగులుతుంది. కొన్నిటి నెత్తిన పసుపు, ఎరుపు, నీలం రంగు బొట్లు నిలిచి ఉంటాయి. ఇన్‌క్యుబేటర్ తలుపు తీయగానే తొలకరి వాన వాసన వస్తే అది వీటిలో చాలావాటికి ఉండే జియోస్మిన్.

ఒక ప్లేటు మీద ఒకేలా ఉన్నవి ఇరవై ఏరడం వృథా. పై రంగు, అడుగు రంగు, అగార్‌లోకి దిగిన రంగు చూసి గుంపులు చేసి, గుంపుకు రెండు తీసుకోండి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 4, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10, గ్లూకోజ్ 4 గ్రాములున్న అగార్ మీద మూడుసార్లు స్ట్రీక్ చేస్తే, అంటే లూప్‌తో గీతలు గీసి కాలనీలను విడదీస్తే, శుద్ధ కల్చర్ వస్తుంది.

శుద్ధి అయిందని తెలిసిన రోజే సిద్ధబీజాలను 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి, కనీసం ఐదు గొట్టాలు మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఈ పనిని రేపటికి వాయిదా వేయవద్దు. స్ట్రెప్టోమైసిస్ క్రోమోజోమ్ గుండ్రంగా కాక పొడవుగా ఉంటుంది, దాని కొసలు తేలిగ్గా తెగిపోతుంటాయి. ప్లేటు నుంచి ప్లేటుకు పదిసార్లు మార్చిన కల్చర్ చూడ్డానికి అలాగే ఉన్నా మందు చేయడం మానేయవచ్చు. అప్పుడు వెనక్కి వెళ్లడానికి ఆ గొట్టాలు తప్ప దారి లేదు.

తొలి వడపోత

మన బ్యాక్టీరియా నెమ్మది, పరీక్ష బ్యాక్టీరియా చురుకు. రెంటినీ ఒకేరోజు పెడితే మందు తయారయ్యేలోపే రెండోది ప్లేటు నింపేస్తుంది. కాబట్టి ముందు మన కల్చర్‌ను కనీసం మూడు రకాల అగార్ మీద చిక్కగా పరిచి 7 నుంచి 10 రోజులు పెంచండి. తర్వాత 6 మిల్లీమీటర్ల కార్క్ బోరర్‌తో బిళ్లలు కోయండి. 4 మిల్లీమీటర్ల మందంగా పోసిన మ్యూలర్ హింటన్ అగార్ మీద, 0.5 మెక్‌ఫర్లాండ్ (ద్రవం మసకదనాన్ని కొలిచే ప్రమాణం) చిక్కదనం ఉన్న పరీక్ష బ్యాక్టీరియాను దూదిపుల్లతో మూడు దిక్కులా పూసి, బిళ్లలు అమర్చండి. ప్లేటును రెండు గంటలు 4 డిగ్రీల దగ్గర ఉంచితే బ్యాక్టీరియా పెరగకముందే మందు అగార్‌లోకి పాకుతుంది. ఆపైన 35 డిగ్రీల దగ్గర 18 గంటలు. చిక్కదనం కంటి అంచనాతో కానిస్తే ఈ వారం కొలిచిన వలయాన్ని పోయిన వారంతో పోల్చలేరు. ఎక్కువ పూస్తే వలయం కుంచించుకుపోతుంది, తక్కువ పూస్తే లేనిపోని పెద్ద వలయం వస్తుంది.

ప్రతి ప్లేటు మీదా ఏమీ పెరగని ఖాళీ మీడియా బిళ్ల ఒకటి, తెలిసిన యాంటీబయాటిక్ డిస్క్ ఒకటి ఉండాల్సిందే. ఇవి లేని ప్లేటు మీద ఎంత అందమైన వలయం వచ్చినా నమ్మకండి.

వలయం వచ్చిందనుకోండి. అది ఏ రకంగా అబద్ధమై ఉండవచ్చో ఇప్పుడే చూడాలి. బిళ్ల మీద పీహెచ్ కాగితం ఆనించండి: 5కి దిగితే ఆ పని ఆమ్లానిది కావచ్చు, బఫర్ వేసిన మీడియాలో మళ్లీ చేయండి. కెటలేజ్ ఎంజైమ్ కలిపితే వలయం మాయమైతే అది హైడ్రోజన్ పెరాక్సైడ్. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) కలిపి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచాక పని ఆగిపోతే అది ప్రొటీన్, బహుశా బ్యాక్టీరియోసిన్. కొన్నిసార్లు చంపేది వైరస్, అంటే ఫాజ్. దాన్ని పట్టే పద్ధతి తేలిక. ద్రవాన్ని పదింతల చొప్పున పలచన చేసి బొట్లు పెట్టండి. మందు అయితే మచ్చ క్రమంగా మసకబారి పోతుంది. ఫాజ్ అయితే ఒక దశలో విడివిడి చిన్న చుక్కలుగా చీలిపోతుంది.

వలయం లోపల అక్కడక్కడా మొండిగా లేచిన కాలనీలుంటే విసుక్కోకండి. అవి ఆ మందును తట్టుకున్న మ్యుటెంట్లు కావచ్చు. ఏరి దాచిపెట్టండి. తర్వాత వాటి జీనోమ్ చదివితే మందు ఏ చోట దెబ్బకొడుతోందో ఆచూకీ దొరుకుతుంది.

ద్రవంలో పెంచడం, సారం తీయడం

అగార్ మీద మందు చేసినది ద్రవంలో చేయకపోవడం మామూలే. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్లకు మించి పోయవద్దు. పైన గాలి చాలకపోతే పెరుగుదలే ఉండదు. రెండు మూడు రోజుల సీడ్ కల్చర్‌ను, అంటే విత్తనంగా ముందే కొద్దిగా పెంచినదాన్ని, 5 శాతం చొప్పున కలిపి, 28 డిగ్రీల దగ్గర నిమిషానికి 200 చుట్లతో షేకర్ మీద పెట్టండి. ఫ్లాస్కులో ఉండలు కడితే స్టీలు స్ప్రింగ్ చుట్ట వేస్తే విడిపోతాయి. మూడో రోజు నుంచి పదో రోజు దాకా రోజూ 1 మిల్లీలీటరు తీసి పరీక్షించండి. మందు ఐదో రోజున ఉచ్చస్థితికి వచ్చి ఎనిమిదో రోజుకు మాయమయ్యే కల్చర్లుంటాయి. గ్లూకోజ్, ఫాస్ఫేట్ ఎక్కువైతే చాలా యాంటీబయాటిక్‌ల తయారీ అణిగిపోతుంది. ఒళ్లు బాగా పెరిగి మందు రాకపోతే మొదట అనుమానించాల్సినవి ఈ రెండే. స్టార్చ్, సోయా పిండి లాంటి నెమ్మదిగా కరిగే ఆహారానికి మారి చూడండి.

సారం తీయడానికి ముందు సెంట్రిఫ్యూజ్ చేసి ద్రవాన్ని, కణాల ముద్దను వేరుచేయండి. ముద్దను పారేయకుండా మిథనాల్‌లో నానబెట్టండి, ఎందుకంటే మందు కణాల్లోనే ఉండిపోవచ్చు. ద్రవానికి సమానంగా ఇథైల్ అసిటేట్ కలిపి మూడుసార్లు తీయండి. రెండు పొరల మధ్య నురగలాంటి పొర ఇరుక్కుంటే కాస్త ఉప్పు వేయండి, అప్పటికీ విడిపోకపోతే సెంట్రిఫ్యూజ్. పై పొరను నీరులేని సోడియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, 40 డిగ్రీలు దాటకుండా రోటరీ ఇవాపరేటర్‌లో ఆవిరి చేయండి. ఖాళీ సీసా బరువు ముందే రాసుకోవడం మరిచిపోవద్దు.

కింద మిగిలిన నీటి పొరను పరీక్షించేదాకా పారబోయకండి. స్ట్రెప్టోమైసిన్ కుటుంబం, స్ట్రెప్టోత్రైసిన్ నీటిని వదిలి రావు. కాబట్టి పని మొత్తం నీటి పొరలోనే మిగిలితే, అది పాత మందు కావచ్చన్న తొలి హెచ్చరిక కూడా అదే. నీటిలోని వాటికోసం, పదార్థాలను అంటించుకునే ఎక్స్‌ఏడీ-16 రెజిన్‌ను లీటరుకు 20 గ్రాములు వేసి, వడకట్టి, నీళ్లతో కడిగి, మిథనాల్‌తో విడిపించే పద్ధతి ఉంది. అయితే స్ట్రెప్టోమైసిన్ లాంటి మరీ నీటి స్వభావం ఉన్నవి దానికీ సరిగా అంటుకోవు.

బ్యాక్టీరియా వేయని మీడియాను కూడా అదే షేకర్ మీద, అన్ని రోజులూ ఉంచి, అదే విధంగా సారం తీయండి. ఇది లేకుండా చేసిన సారం పరీక్షకు విలువ లేదు. సారాన్ని మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున డీఎంఎస్‌ఓలో కరిగించి, పరీక్షలో డీఎంఎస్‌ఓ 1 శాతం మించకుండా చూసుకోండి.

పాతదా, కొత్తదా

పచ్చి సారంలో ఎన్నో పదార్థాలుంటాయి, చంపేది ఏదో ముందు పట్టాలి. సిలికా టీఎల్‌సీ (పదార్థాలను విడదీసే పలచని పొర క్రోమటోగ్రఫీ) పలక మీద సారాన్ని చుక్కగా పెట్టి, క్లోరోఫామ్, మిథనాల్ 9:1 మిశ్రమంలో పైకి పాకించండి. పలకను పూర్తిగా ఆరనివ్వండి. ద్రావకం మిగిలితే అదే బ్యాక్టీరియాను చంపుతుంది. ఆపైన 0.7 శాతం మెత్తని అగార్‌లో బాసిల్లస్ సబ్‌టిలిస్ కలిపి పలచగా పోసి, రాత్రంతా తడి పెట్టెలో ఉంచి, మరునాడు ఎంటీటీ అనే రంగు ద్రావణం చల్లండి. బతికున్న బ్యాక్టీరియా దాన్ని ఊదా రంగులోకి మారుస్తుంది. పలకంతా ఊదా అయి, ఒకచోట మాత్రం లేత పసుపు మచ్చ మిగులుతుంది. మీ మందు ఆ మచ్చలో ఉంది. పక్కనే తెలిసిన యాంటీబయాటిక్‌లు కూడా నడిపితే, అదే ఎత్తులో వచ్చినవాటిని అప్పుడే అనుమానించవచ్చు.

తర్వాత పదార్థాలను విడదీసే ద్రవ క్రోమటోగ్రఫీ, అణువు ద్రవ్యరాశిని కొలిచే అధిక స్పష్టత మాస్ స్పెక్ట్రోమెట్రీ. చంపే భాగం కచ్చితమైన ద్రవ్యరాశి, అతినీలలోహిత వర్ణపటం, ఉత్పత్తి చేసే ప్రజాతి ఈ మూడూ కలిపి డేటాబేసులలో వెతకాలి. ద్రవ్యరాశి ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. ఒకే అణువు ప్రోటాన్‌తో, సోడియంతో రెండు శిఖరాలుగా వస్తుంది, వాటి మధ్య తేడా 21.98. దీన్ని గమనించకపోతే ఒక పాత పదార్థాన్ని రెండు కొత్తవిగా లెక్కపెట్టుకుంటారు. ఉదాహరణకు నారింజ రంగు సారం, 440 నానోమీటర్ల దగ్గర శోషణ, ద్రవ్యరాశి 1255.6 దగ్గర శిఖరం కనబడితే అది దాదాపుగా ఆక్టినోమైసిన్-డి అనే పాత పదార్థం. వర్ణపటంలో మూడు వేళ్లలా పక్కపక్కనే మూడు శిఖరాలుండి, ఈస్టును చంపి బ్యాక్టీరియాను వదిలేస్తే అది పాలీయీన్, అంటే బూజులను చంపే పాత మందుల కుటుంబం. రెంటినీ ఆపేయండి, బాధపడకండి. వారంలోపే తెలిసిపోవడం అదృష్టం.

ప్రజాతిని గుర్తించడానికి 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో చదవండి. స్ట్రెప్టోమైసిస్ డీఎన్‌ఏలో జీ, సీ అక్షరాలు 70 శాతం పైనే ఉంటాయి. జన్యువు నకళ్లు తీసే పీసీఆర్ రాకపోతే 5 శాతం డీఎంఎస్‌ఓ కలపండి. కొత్త ప్రజాతి అయితే మందు కొత్తదని గానీ, పాత ప్రజాతి అయితే మందు పాతదని గానీ అనుకోవద్దు.

జీనోమ్ చదవగలిగితే యాంటీస్మాష్‌లో పెట్టండి, ఇది మందుల్లాంటి పదార్థాలు చేసే జన్యు సముదాయాలను వెతికే సాఫ్ట్‌వేర్. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ బయటికొచ్చినప్పుడు, అప్పటికి తెలిసిన కొద్ది పదార్థాలకు బదులు ఇరవైకి పైగా జన్యు సముదాయాలు కనబడ్డాయి. అంటే ఒక్కో కల్చర్ మనకు చూపించేది దాని గిడ్డంగిలో కొంతే. యాంటీస్మాష్ ఇచ్చే పోలిక శాతం జన్యువుల పోలికే తప్ప అణువుల పోలిక కాదు. చిన్న ముక్కలుగా చదివిన జీనోమ్‌లో సముదాయం మధ్యలో తెగిపోయి, ఒకటి రెండుగా కనబడుతుంది కాబట్టి పొడవు రీడ్‌లు, అంటే పొడవైన ముక్కలుగా చదివే పద్ధతి, వాడండి.

ప్లేటు మీద అసలు పెరగనివాటి కోసం వేరే దారులున్నాయి. 2015లో ప్రకటించిన టిక్సోబాక్టిన్ యాంటీబయాటిక్‌ను చేసే ఎలెఫ్తీరియా టెర్రే బ్యాక్టీరియాను ఐచిప్ అనే పరికరంలో, మట్టిలోనే ఉంచి పెంచారు.

ఈ జల్లెడలన్నీ దాటినదాని ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనీస మోతాదు, చూడాలి. 96 గుంటల పలకలో సగానికి సగం తగ్గిస్తూ మందు, మిల్లీలీటరుకు 5 లక్షల కణాలు, 35 డిగ్రీలు, 16 నుంచి 20 గంటలు. కంటికి అనుమానమైతే రెజాజురిన్ కలపండి, బతికున్నచోట నీలం గులాబీ అవుతుంది. అదే పూట ఎర్ర రక్తకణాల మీదా పరీక్ష పెట్టండి. ఎంఐసీకి దగ్గర్లోనే రక్తకణాలు పగిలితే అది పొరలన్నిటినీ చీల్చే సబ్బులాంటి పదార్థం.

నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్‌కు 5 నుంచి 10 మిల్లీగ్రాముల శుద్ధ పదార్థం ఉంటే ఇబ్బంది లేకుండా సాగుతుంది. లీటరు కల్చర్‌కు 1 మిల్లీగ్రాము వస్తుంటే, శుద్ధిలో పోయేది కలుపుకుని 20 లీటర్లు పెంచాలి. ఆ 20 లీటర్లనూ ప్లేటు మీద తిరుగుతున్న కల్చర్‌తో కాక మైనస్ 80లో దాచిన తొలి గొట్టంతోనే మొదలుపెట్టండి. మొదటి 50 మిల్లీలీటర్లలో వలయం మునుపటి కొలతకు వచ్చాకే మిగతా ఫ్లాస్కులకు వెళ్లండి.